ఆడ పిచ్చుక, ఆడ గిజిగాడు

బావ ఫొటో మీద బొటనవేలు ఆనించి పిట్ట రంగు కనపడకుండా మూశాడు. కదిలే బస్సులోంచి తీసిన ఫొటోలో రంగును నమ్మకూడదు, ముక్కును నమ్మాలి. అయినా ఈ యాత్రికులు పిట్టను తీస్తారా? కిటికీ ఊచనూ, పక్కవాడి చెవినీ తీస్తారు. పిట్ట ఏ మూలో నలుసంత పడుతుంది.

"ఆడ పిచ్చుక," అన్నాడు.

ఎదురుగా ఉన్న బావమరిది ఒప్పుకోవాలి. యాత్రికుల ఫొటోల్లోని పిట్టలకు పేర్లు రాసే ఆ గదికి యాత్రల కంపెనీవాళ్లు పెట్టిన నియమం అది. ఒకరు చెప్పిన పేరును రెండోవారు ఒప్పుకుంటేనే ఆల్బంలో పిట్ట కింద ఆ పేరు వేస్తారు, లేదంటే 'చిన్న పిట్ట' అని వేస్తారు. వీళ్లిద్దరి పుణ్యమా అని సగం ఆల్బంలలో చిన్న పిట్టలే. డబ్బు పోసి అంతదూరం వెళ్లింది ఇందుకా అని కస్టమర్లు తిట్టిపోస్తారు.

బావమరిదిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే, భార్య పోరు పడలేక. వచ్చిన నెల తిరక్కుండానే, "ఆడ గిజిగాడిని పట్టుకుని పిచ్చుకంటావేంటి బావా," అని వాడు అందరి ముందూ నవ్వాడు. అప్పటినుంచీ వాడి పొడ గిట్టదు. వాడు టీ జుర్రే చప్పుడుకు కూడా ఒళ్లు మండుతుంది. ఒక్కసారి వాడి నోట "నువ్వే కరెక్ట్" అనిపించుకోవాలి. ఏళ్లుగా ఆయన పంతం అదొక్కటే.

"పిచ్చుకే. నువ్వే కరెక్ట్ బావా."

ఆయన కంగుతిన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాడు. తర్వాతి ఫొటోకీ వాడు తలూపాడు. దాంతో కావాలనే, లావు ముక్కున్న పిట్ట ఫొటోను ముందుకు తోసి, "తేనెపిట్ట," అన్నాడు. తేనెపిట్టకు సన్నగా వంకర తిరిగిన ముక్కుంటుందని బడిపిల్లలకు కూడా తెలుసు.

"తేనెపిట్టే. రాసెయ్."

"పోట్లాటకి కూడా పనికిరానట్రా నేను?"

"ఇవాళ నీతో పోట్లాడే ఓపిక లేదు బావా."

"లేకపోతే ఇంటికి పో. పీడా పోతుంది."

వాడి మెడంతా చెమట పట్టి ఉండటం ఆయన చూశాడు. చూసి కూడా ఆ మాట అన్నాడు. కాసేపటికి వాడు టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. మేనేజరూ, డ్రైవరూ కలిసి ఎత్తుకెళ్లి కంపెనీ కారులో పడుకోబెట్టారు. ఆయన్ను మేనేజరు రావద్దన్నాడు, కారులో చోటు లేదట.

భోజనాల వేళ దాటాక ఆసుపత్రినుంచి భార్య ఫోన్ చేసింది.

"తమ్ముడు పోయాడండీ. దారిలోనే పోయాడట." చాలాసేపు ఏడ్చింది. "మీతో ఏమైనా అన్నాడా?"

"నేనే కరెక్టన్నాడు," అన్నాడాయన. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఫోన్ పెట్టేశాక పొద్దున్నే చూసిన మొదటి ఫొటోను మళ్లీ తీశాడు. బలిసిన ముక్కు, పొట్టి తోక. గిజిగాడే, సందేహం లేదు. వాడికి ఒంట్లో బాగుంటే దాని కింద 'చిన్న పిట్ట' అని పడేది.

ఆయన పిచ్చుకను కొట్టేసి, గిజిగాడని రాశాడు. ఒప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. కలం జారి కిందపడితే తీసుకోవడానికి వంగాడు. టేబుల్ కింద బావమరిది విప్పుకున్న చెప్పులున్నాయి, ఒకటి బోర్లా పడి ఉంది.