ఆదెమ్మ పరుపు

ఆటోలో దూది ఏకే మిషను, వెనక నాలుగు గోతాల దూది. ఇరవై ఏళ్లుగా ఇదే నా బతుకు. మధిర నుంచి దమ్మపేట దాకా నా చెయ్యి పడని పరుపు లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు.

ఆదివారం దమ్మపేటలో మీటింగు జరిగింది. మన పనులు, మన భూములు బయటివాళ్లు కాజేస్తున్నారని ఒకాయన మైకు పగిలేలా అరిచాడట. సోమవారానికల్లా ప్రతి ఫోనులో ఒకటే వీడియో: పిల్లల్ని గోతాల్లో కుక్కుకుపోయే ముఠా దిగిందని. నాకిదేం తెలియదు. మంగళవారం పొద్దున్నే, నాచేత పరుపు కుట్టించుకునే ఆదెమ్మగారి ఊరికి వెళ్లాను, గోతాలతో సహా.

వాళ్ల వీధిలోనే పదిమంది కర్రలతో అడ్డం నిలబడ్డారు. ముందు అనిల్‌కుమార్, ఆదెమ్మగారి కొడుకు.

"ఎక్కడోడివిరా?"

"పరుపుల సాబిర్‌ను బాబూ. మీ ఇంటికి ఏటా వస్త కదా."

"ఆధార్ తియ్."

ఇచ్చాను. "కార్డులు బంగ్లాదేశోళ్లకు గూడ దొరుకుతున్నయ్" అని జేబులో పెట్టుకున్నాడు. వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకొచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. ఆ మాట అనడానికి నాకు నోరెక్కడిది?

ఒకడు గోతం కోశాడు. దూది. రెండోది కోశాడు. దూదే. పిల్లలు దొరక్కపోయేసరికి వాళ్ల కోపం ఇంకా పెరిగింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. చంపేస్తారని అర్థమైంది. ఇంట్లో నా భార్య అక్బరీ అన్నం వండి ఎదురుచూస్తుందని గుర్తొచ్చి ఏడ్చాను.

"అమ్మా, నువ్వన్నా చెప్పు!" అని వాళ్లింటి వైపు అరిచాను.

ఆదెమ్మగారు అరుగు మీదికి వచ్చింది.

"మనకు పరుపు కుట్టేటాయనరా. మంచోడు."

"పరుపు కుడితే మంచోడైతడా? ఏంది నీ గ్యారంటీ?" అన్నాడు కొడుకు.

పరుపు విప్పేవాడి చేతికి ఇళ్ల గుట్లన్నీ తగులుతాయి. దొరికింది దొరికినట్టే దూదిలో పెట్టి కుట్టేయమని మా నాన్న నేర్పాడు. మూడేళ్ల కింద ఆదెమ్మగారి పరుపులో ఒక మూట తగిలింది. పేకాటకు ఆమె గాజులు కూడా అమ్మేసిన ఈ కొడుకుకు కనబడకుండా దాచుకున్న నగలు. అలాగే కుట్టేశాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు చెబితే బతుకుతాను. చెప్పలేదు. మంచితనమేం కాదు, వట్టి భయం.

ఆదెమ్మగారు నా భుజం వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసేసింది.

"మా అమ్మ పెట్టిన నగలు నా పరుపులో ఉన్నయిరా. మూడేళ్లుగా ఇతనికి తెలుసు. గురిగింజెత్తు పోలేదు. ఈ గ్యారంటీ చాలదా?"

అనిల్ కర్ర దించాడు. నా వైపు చూడనే లేదు, తల్లినే చూశాడు. కార్డు దుమ్ములో పడేసి, "పో. మళ్ల ఊళ్లె కనబడకు" అని గబగబా ఇంట్లోకి నడిచాడు.

కార్డు ఏరుకుని ఆటో ఎక్కాను. తాళం తిప్పే లోపే లోపలి నుంచి పరుపు చించుతున్న చప్పుడు వినబడింది, వెంటనే ఆదెమ్మగారి కేక. పరుపు చిరిగే ఆ చప్పుడు ఇరవై ఏళ్లుగా నా చేతుల కింద వింటున్నదే. ఆటో స్టార్ట్ చేశాను, వెనక్కి చూడలేదు.