పోని ఊళ్లన్నీ ఇంట్లోనే

మెట్టుగూడలో జకర్యా ఇంటికి పొద్దున్నే వచ్చే పనిమనిషి ఎల్లమ్మకు మొదటి పని ఇసుక. వంటింట్లోంచి రెండు చాటల సముద్రపు ఇసుక ఎత్తి బయట పోస్తుంది. వెనక గదిలో రాలిన దేవదారు ఆకులు ఊడ్చి కుప్ప చేస్తుంది. అంట్లు ఆ తర్వాతే.

"రోజూ గిదే తక్లీఫ్. ఒక్కసారన్న పోయొస్తె గీ చెత్త ఉంటుండెనా పెద్దయ్యా?" అని సణుగుతుంది. జకర్యా పేపరులో పేజీ తిప్పుతాడు.

ఆ ఇంటి తీరే అంత. మానుకున్న ప్రయాణం ఇంటికొచ్చి కూర్చుంటుంది. జకర్యా రైల్వేలో పనిచేసినన్నాళ్లూ ఏటేటా కుటుంబానికి పాసులొచ్చేవి, ఏటేటా ఏదో ఒక గండం ఆయన కంటబడేది. ఒక ఏడు వరదలు, ఒక ఏడు కామెర్లు, ఇంకో ఏడు బంద్. భార్య దేవకృప సర్దిన పెట్టె మళ్లీ విప్పేది. సాయంత్రానికల్లా రామేశ్వరం వంటింట్లోకి, సిమ్లా వెనక గదిలోకి వచ్చేసేవి. ఎటొచ్చీ మనుషులు మాత్రం వచ్చేవాళ్లు కాదు, ఎవరి ఊళ్లో వాళ్లు ఉండిపోయేవాళ్లు. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. మే నెలలో పక్కింటి పిల్లలు స్వెటర్లు వేసుకొచ్చి సిమ్లా గదిలో క్యారమ్స్ ఆడుకునేవారు. దేవకృప ఆరేళ్ల కింద కన్నుమూసింది, ఒక్క ఊరూ చూడకుండానే.

ఇప్పుడు కూతురు ప్రిసిల్లా వంతు వచ్చింది. నలభై ఆరేళ్ల ప్రిసిల్లా బ్రెయిలీ పుస్తకాలు అచ్చేసే చోట ప్రూఫులు చూస్తుంది. చూస్తుందనడం మాటవరసకే, చదివేదంతా వేళ్లతోనే. జార్జియా దేశంలో టిబిలిసి అనే ఊళ్లో బ్రెయిలీ పనివాళ్ల సదస్సు ఉంది, వచ్చి మాట్లాడమని పిలిచారు. సదస్సు సంగతి ఎలా ఉన్నా, ఆమె ప్రాణమంతా నానా మీద ఉంది. నానా అక్కడి ప్రూఫ్ రీడరు, ప్రిసిల్లాలాగే చూపు లేని మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరూ చుక్కల ఉత్తరాలు రాసుకుంటున్నారు గానీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నది లేదు. ఈ సదస్సు కాగానే నానా ఉద్యోగం మానేసి ఎక్కడో కొండల్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇప్పుడు తప్పితే ఇక కలవడం కలే. ఉత్తరం చదవడం అయిపోయినా ప్రిసిల్లా ఆ కాగితం మీంచి వేళ్లు తీసేది కాదు. అంతగా బెంగపెట్టుకుంది.

"ఆడమనిషికి నాన్న అని పేరేందీ?" అన్నాడు జకర్యా.

"నాన్న కాదు డాడీ, నానా."

"ఏదన్న గానీ. నీ నాన్న ఈడున్నడు."

ఆఫీసువాళ్లు ప్రయాణానికి ముందు నింపివ్వాల్సిన భద్రత ఫారమొకటి ఇచ్చారు. ప్రిసిల్లా భర్త ఆషర్ బీమా కంపెనీ మనిషి, గండాలను శాతాల్లో చెప్పగలడు. శనివారం పొద్దున టిఫిన్ ప్లేట్లు పక్కకు జరిపి ఫారం ముందేసుకున్నాడు. "ఆడ ఊరేగింపులు నడుస్తున్నయంట, రోడ్లు బంద్ చేస్తున్నరంట. అయినా హోటల్ పక్కనే ఉంది. ఇన్సూరెన్స్ తీసుకున్నం, ఎంబసీ నంబర్ రాసిన. అన్నీ తూచి చూస్తె పోవచ్చు మామా. ఇది ఒక్కటే ఖాళీగ ఉంది. హోటల్ నుంచి హాలుకు నడిచే దారి ఎట్లుంటది?"

"ఎవరు చూసిన్రు ఆ దారి?" అన్నాడు జకర్యా.

"ఫోన్‌ల చూడొచ్చు మామా."

"ఫోన్‌ల బొమ్మ చూసి రైలు పట్టా మంచిగున్నదని రాస్తరా? కాలుతోని నడవాలె. బండి కంటె ముందుగాల కీమాన్ పోవాలె."

జకర్యా ముప్పై ఆరేళ్లు కీమాన్. పొద్దు పొడవకముందే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడవడం, వదులైన బిగింపులన్నీ కొట్టి సరిచేయడం, ఆ తర్వాతే బండ్లు రావడం. నడవని దారి మీదికి ఎవర్నీ పంపడం ఆయన వల్ల కాదు.

"పోకపోతె ఏమాయె బిడ్డా? ఆ ఊరే ఇంటికొస్తది."

"నానా రాదు డాడీ," అంది ప్రిసిల్లా. జకర్యా తల దించుకుని ఇడ్లీ తుంచుకున్నాడు. ఆ తండ్రితో వాదించి గెలిచిన వాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. "సరే, పోను," అని ప్రిసిల్లా లేచి లోపలికెళ్లిపోయింది.

ఈ ఇంటికి నోటిమాట చాలు. పదకొండు గంటలకల్లా టిబిలిసి వచ్చేసింది. వరండా పొడుగ్గా సాగిపోయి, నల్లరాళ్లు పరిచిన సందు అయింది. సన్నగా వాన, వేడి రొట్టెల వాసన, ఎక్కడో చర్చి గంట.

"గీ రాళ్ల సందులల్లకు చీపురెట్ల పోతది?" అని ఎల్లమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

లోపల ప్రిసిల్లా రానని రాద్దామని కూర్చుంది. 'ప్రియమైన నానా' దగ్గరే ఆగిపోయి ఏడుస్తోంది. ఆ ఏడుపు వరండాలోకి వినిపిస్తూనే ఉంది. జకర్యా కాసేపు ఆ సందునే చూశాడు. తర్వాత లేచి అటక మీది పాత సుత్తి దింపాడు.

"యాడికి మామా?"

"జెర చూసొస్త."

గంటన్నర దాటినా రాలేదు. ఆషర్ ఆ సందు మొదట్లో నిలబడి పిలిచి పిలిచి పరేషాన్ అయ్యాడు. చివరికి జకర్యా పంట్లాం మోకాళ్లదాకా తడిసి తిరిగొచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

"రాసుకో ఆషర్. హోటల్ కాడికెల్లి హాలుదాంక మూడొందల పన్నెండు అడుగులు. రొట్టెల దుకాణం కాడ ఒక రాయి లూజున్నది, కొట్టిన, గట్టిగైంది. ఎడమ పక్కకెల్లి నడవాలె. మలుపుల లైటు లేదు, ఎదురొచ్చేటోళ్లకు మనిషి కానరాడు, పొద్దుగూకకముందే రూముకు రావాలె." ప్రిసిల్లా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన ఆమె వైపు తిరిగాడు. "హాల్లకు సుత పోయిన బిడ్డా. కుర్చీలన్నీ ఖాళీ. మూడో వరుసల ఒకదాని మీద మాత్రం కర్చీఫ్ ఏసున్నది."

"కర్చీఫా?"

"మన బస్సుల ఏసినట్టే. అంచుకు చుక్కలున్నయి, నీ కాగితాల మీద ఉన్నట్టు."

ప్రిసిల్లాకు ఆ పాత ఉత్తరం గుర్తొచ్చింది. ఎప్పుడో పదేళ్ల కింద నానాకు రాసింది: మా దగ్గర బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే చాలు, ఇక ఆ సీటు జోలికి ఎవరూ రారు అని. నానా తెగ నవ్వుకుందట. మా ఊళ్లో ఆ మర్యాద లేదు, నువ్వొచ్చిన రోజు నేనే మొదలుపెడతానని జవాబు రాసింది.

"తడిమి చూసిన గాని తియ్యలే," అన్నాడు జకర్యా. "ఎట్ల తీస్త? కర్చీఫ్ ఏసిన సీటు ఉత్తగ ఇడిసిపెడితె, ఏసినోళ్ల మనసేం గావాలె? పోయి కూసో బిడ్డా."

ప్రిసిల్లా కళ్లు తుడుచుకుంది. "పోయొస్త డాడీ."

ఆ మాటతో గంట చప్పుడు దూరమైంది. రాళ్లు ఒక్కొక్కటే వెనక్కి మళ్లి, వరండాలో మామూలు గచ్చు తేలింది. ఇంటికొచ్చిన ఊరు తిరిగి తన చోటుకు పోవడం అదే మొదటిసారి. ఆషర్ ఫారంలో ఆ ఖాళీ గీత నింపి సంతకం చోటు మీద ప్రిసిల్లా వేలు ఆనించాడు.

జకర్యా మాత్రం కుర్చీలోంచి లేవలేదు. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"మీ అమ్మ పోదాం పోదాం అన్న ఊళ్లన్నీ ఇంటికే వచ్చినయి గద, ఇగ ఏం తక్కువైందనుకున్న ప్రిస్సీ. ఒక్కదాంట్ల సుత ఇట్ల ఆఖరుదాంక నడిచి చూడలే. ఆమెకు సుత యాడనన్న ఎవరన్న సీటు ఆపిన్రేమో."

ప్రిసిల్లా దగ్గరికొచ్చింది. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, తడిసిన పంట్లాం అంచులు మెల్లగా పైకి మడిచింది.