సూపర్ కప్ జరగని ఏడాది

పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నేను బంతిని కాలితో తన్నలేదు. అయినా సౌదీ ఫుట్‌బాల్ సూపర్ కప్ చరిత్ర అడగండి, నిద్రలో లేపినా చెప్తాను. రాయచోటి నుంచి సౌదీలోని రాబిగ్‌కి ఇంటిపనికి వచ్చినదాన్ని. వంట, ఇస్త్రీ, తుడుపులు అన్నారు గానీ, ఈ పని కూడా నా నెత్తిన పడుతుందని ఏజెంటు ఒక్క మాట చెప్పలేదు.

ఈ ఇంటి పెద్దాయనను అందరూ బాబా అంటారు. ఎనభై దాటాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతాడు. కూతురు ఫౌజియా మేడమ్‌ను ఒక్కోసారి చనిపోయిన భార్య పేరుతో పిలుస్తాడు. సూపర్ కప్‌ను మాత్రం మరిచిపోడు. లీగ్ గెలిచిన జట్టూ రాజుగారి కప్ గెలిచిన జట్టూ తలపడే ఆ ఆట కథను, మొదటి ఏడు నుంచి వరసగా, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఎవరో ఒకరు చెప్పాలి. వింటూ ఉంటేనే ముద్ద మింగుతాడు. ఆపితే నోరు మూసేస్తాడు. ఇలాగైతే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టర్ అప్పటికే హెచ్చరించాడు.

డ్రైవర్ బాబ్జాన్‌దీ మా రాయచోటే. ఫోనులో చూసి నాకు ఇదంతా నేర్పింది అతనే.

"మొదటిది రెండువేల పదమూడులో, మక్కాలో," అని ఎత్తుకుంటాను. బాబా కళ్లు వెలుగుతాయి. ఆ రోజు కొడుకు హబీబ్‌తో కలిసి ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆయన ప్రాణమంతా ఇత్తిహాద్ జట్టు మీదే. అది ఫతహ్ జట్టు చేతిలో మూడు రెండు గోల్స్‌తో ఓడిపోయింది. రోజూ ఓడిపోతుంది, రోజూ ఆయన తల పట్టుకుంటాడు, రోజూ నేను ఓదారుస్తాను. పద్నాలుగులో షబాబ్ గెలిచింది. తర్వాతి రెండేళ్లూ లండన్‌లో ఆడారు. ఇంత దేశముండగా లండన్ పోవడమేమిటో నా బుర్రకు ఇప్పటికీ ఎక్కదు. పదిహేనులో హిలాల్, పదహారులో అహ్లీ. ఆ తర్వాత పదిహేడు.

ఆ ఏడు సూపర్ కప్ జరగనే లేదు. ఆ ఏడే హబీబ్ పోయాడు. దూరాన తూర్పు తీరంలోని ఖఫ్జీలో, చమురు పనిలో ఉండేవాడట. "సూపర్ కప్‌కి ఇద్దరం పోదాం బాబా, బయల్దేరాను," అని ఫోను చేసి కారెక్కాడు. దారిలో కారు బోల్తా పడింది. ఆట రద్దయిన కబురు ఆ తర్వాతే వచ్చింది.

"ఆ ఏడు ఆట లేదు బాబా" అంటే ఆయన నా మొహంలోకి చూసేవాడు.

"ఆట లేకపోతే హబీబ్ ఎందుకు బయల్దేరాడు?"

అడుగుతుండగానే ఆయనకు గుర్తొచ్చేది. కొడుకు పోయిన కబురు రోజూ అప్పుడే, నా నోటి నుంచే, కొత్తగా చేరేది. పళ్లెం తోసేసి గోడవైపు తిరిగేవాడు. ఇరవై మూడులో ఇత్తిహాద్ గెలిచిన సంగతి దాకా మేం ఏనాడూ చేరలేదు. అలాంటి కబురు మనిషి ఒక్కసారి వినడమే ఎక్కువ. రోజూ వినాలా? ఆ పని నాచేత చేయిస్తున్నందుకు ఈ ఇంటి మీద నాకు మండిపోయేది.

"ఆ ఏడు ఎగరగొట్టెయ్ మాబున్నక్కా," అన్నాడు బాబ్జాన్. "పదారు అయినాక పద్దెనిమిది చెప్పు. ముసలాయనకి యాడ గుర్తుంటాది?"

"నీకేమబ్బీ, బండి తోలుకుంటా ఎన్నయినా చెప్తావు. ఆయప్ప యేళ్లు మడిచి లెక్కబెడతాండాడు. ఒక యేలు మిగిలిపోతే ఊరుకుంటాడా?"

ఓ రోజు పదిహేడు ఎగరగొట్టి చూశాను. ఊరుకోలేదు. మడవకుండా మిగిలిన వేలు చూపించి "ఇదేది?" అన్నాడు. ఆ పూట నాకేం తోచిందో ఏమో, "అది మా ఊళ్లో జరిగింది బాబా," అనేశాను.

మా మాండవ్య ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఆ ఇసుకలో ఆట పెట్టాను. ఆటగాళ్లు బూట్లు విప్పి గట్టున పెట్టారు. బంతి తన్నినప్పుడల్లా ఇసుక లేచి, ఎండలో మెరిసి, కిందికి దిగే తొందర లేనట్టు గాలిలో ఆగేది. పొద్దు సగం గుంకి అక్కడే నిలబడింది. గట్టు మీద ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలుచుకుంటూ బాబా, ఆయన పక్కన హబీబ్. ఎవరికీ ఇంటికి పోయే పని లేదు. మొదటి రోజు జట్టుకి పన్నెండు మందిని దించాను.

"పన్నెండోవాణ్ణి బయటికి పంపు," అన్నాడు బాబా, నోట్లో ముద్దతోనే.

పళ్లెం ఖాళీ అయింది. మర్నాడూ అయింది. మూడు నెలల్లో ఆయన బుగ్గలు నిండాయి. నాకూ అలవాటైపోయింది. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆ గట్టు మీదికి పోయేదాన్ని. కాళ్లకింద వెచ్చటి ఇసుక తగిలేది.

ఒకరోజు ఫౌజియా మేడమ్ తను పాఠాలు చెప్పే బడి నుంచి పెందలాడే వచ్చి, తలుపు దగ్గర నిలబడి అంతా వింది. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"చనిపోయిన మా అన్నను నీ ఊళ్లో కూర్చోబెడతావా? మా నాన్నకు అన్నంతోపాటు అబద్ధాలు తినిపిస్తున్నావా? ఇంకోసారి చెప్పావంటే వీసా మీద ఎగ్జిట్ కొట్టించి మీ ఊరికి పంపేస్తాను."

నాకు కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. అబద్ధమే కదా మరి.

మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పాను. బాబా పళ్లెం గోడకేసి కొట్టాడు. ఆ మర్నాడు నీళ్లు కూడా ముట్టలేదు. మూడోరోజు మేడమే పళ్లెం తీసుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. నాకంటే బాగా చెప్పింది, ఒక్క తేదీ తప్పకుండా. పదిహేడు దగ్గరికి వచ్చింది.

"ఆ సంవత్సరం ఆట జరగలేదు బాబా."

"తెలుసు," అన్నాడు బాబా.

ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"మాబున్నీ చెప్పేటప్పుడు వాడొచ్చి నా పక్కన కూర్చుంటాడు. నువ్వు ఆ మాట అనగానే లేచి వెళ్లిపోతున్నాడు, ఫౌజియా."

మేడమ్ చెంచా పళ్లెంలో పెట్టింది. నావైపు చూడకుండానే "చెప్పు," అంది.

చెప్పాను. ఇసుక లేచింది, పొద్దు నిలబడింది, బాబా నోరు తెరిచాడు. మేడమ్ ఒక్కో చెంచా పెడుతూ తల వంచుకుని వింటోంది. సగం ఆటలో ఉన్నట్టుండి అడిగింది.

"నేనెక్కడ కూర్చున్నాను?"

పద్దెనిమిది జనవరి దాకా ఇక్కడ ఆడవాళ్లను ఆట చూడటానికి స్టేడియంలోకి రానిచ్చేవాళ్లు కాదు. తండ్రీ అన్నా మక్కా ఆటకు పోయిన రోజున ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. నా ఏట్లో గేటు లేదు, కాపలావాడు లేడు. అయినా ఇన్నాళ్లూ ఆమెను అక్కడికి తీసుకుపోవాలని నాకే తోచలేదు.

బాబా కుడివైపు ఖాళీగా ఉన్న దిండు కేసి తిరిగి, చేత్తో మెల్లగా తట్టాడు.

"హబీబ్, కొంచెం జరుగు. చెల్లెలొచ్చింది."

మేడమ్ పళ్లెం పట్టుకునే లేచి, వాళ్లిద్దరి మధ్య కూర్చుంది.