దొర మింగని మాత్రలు

ఆ రోజు ఇంట్లో మామయ్య, అత్తయ్య, అమ్మమ్మ, దొర, ఆరు చేపలు, సెలవులకు వచ్చిన నేను ఉన్నాం. దొర అంటే కుక్క. పదకొండేళ్లవాడు. మామయ్య టైలరు. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పద్దెనిమిది మెట్లు. వెనక కాళ్ల కీళ్లు అరిగి దొర ఆ మెట్లు ఎక్కలేకపోతున్నాడు. రోజూ మామయ్యే మోస్తాడు. మోసి మోసి ఆయన నడుం పట్టేసింది.

పశువుల డాక్టరు కీళ్ల బలానికి మాత్రలిచ్చి, నెల రోజులు వేసి చూడమన్నాడు. ఆ నెలా అయిపోయింది. దొర ఇంకా మొదటి మెట్టు దగ్గరే కూలబడుతున్నాడు. అందుకని వాణ్ని కలప మిల్లు ఆయనకు ఇచ్చేస్తానని మామయ్య మాటిచ్చేశాడు. అక్కడ మెట్లు లేవు. అత్తయ్య పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

చేపలకు మేత, దొరకు మాత్ర, రెండూ నా పనులే. చేపలకు పూటకో చిటికెడు. చేయి జారి నేల మీద నలుసు పడినా దొర వదలడు, నాకేస్తాడు. మాత్ర మాత్రం అరటిపండు ముక్కలో దాచి పెట్టాలి. అది తినగానే వాడు తిన్నగా చేపల తొట్టె దగ్గరికి పోయి, అది పెట్టిన బల్ల కింద తల పెట్టి కాసేపు ఉండేవాడు. "మాత్ర వేశాను. దొర చేపల్ని చూడటానికి వెళ్లాడు" అని ముప్పై రోజులూ డైరీలో రాశాను. కుక్కకు చేపల మీద ఎందుకంత ప్రేమో అని ఒక పేజీ నిండా ఆలోచించాను కూడా.

ఆ సాయంత్రం మేత వేస్తుంటే కొత్త అనుమానం వచ్చింది. చేపలు పైన ఉంటే వీడు కింద ఏం చూస్తాడు? నేలకు చెంప ఆనించి, వాడు తల పెట్టే చోటే నా తలా పెట్టాను.

గోడవారగా తెల్లగా ఏవో కనిపించాయి. చీపురు పుల్లతో లాగాను. మాత్రలు! కొన్నింటికి అరటిపండు ఎండి అంటుకుని ఉంది. లెక్కపెడితే ఇరవై ఎనిమిది.

"ఏమే, నిధి దొరికిందా?" అంది అమ్మమ్మ మంచం మీంచి.

గుప్పిట మూసేశాను. అప్పజెప్పిన పని కూడా సరిగ్గా చేయలేదని అందరికీ తెలిసిపోతుంది. ఇంతలో కింద వ్యాను హారన్ మోగింది. మామయ్య దొరను ఎత్తుకున్నాడు.

"ఈసారి దించడమేరా, ఎక్కించే పని లేదు. నీ నడుం బతికింది," అంది అమ్మమ్మ. వంటగదిలో అత్తయ్య గిన్నెల్ని పగలగొట్టేలా తోముతోంది.

మేత డబ్బా చేత్తో పట్టుకునే కిందికి పరిగెత్తాను. మిల్లు ఆయన వ్యాను తలుపు తీసి నిలబడ్డాడు. మామయ్య ముందుకెళ్లాను. గుప్పిట విప్పాను.

"ఏంటివి?" అన్నాడు మామయ్య.

"బల్ల కింద... దొర ఉమ్మేశాడు మామయ్యా. ఇరవై ఎనిమిది."

"అంటే వీడు మింగింది రెండా!"

మిల్లు ఆయన పకపకా నవ్వాడు. "ఊరందరి కొలతలూ తీస్తావు కదయ్యా టైలరూ! నీ కొలత నీ కుక్క తీసింది."

వాడు ఆ పొద్దున ఉమ్మేసిన మాత్రను గుప్పిట్లోంచి ఏరి, వేళ్లతో నలిపి, చిటికెడు చేపల మేత కలిపి, కుళాయి నీళ్లతో తడిపి అరచేతిలో పెట్టాను. దొర వాసన చూశాడు. వేళ్ల సందులు కూడా వదలకుండా నాకేశాడు. మామయ్య వాడి నోరు తెరిచి బుగ్గలు వెతికాడు, నాలుక ఎత్తి చూశాడు.

"లేదే!" అన్నాడు. తర్వాత మిల్లు ఆయనతో, "ఇంకో నెల చూస్తాను, అన్నా. అప్పటికీ ఎక్కకపోతే నేనే తెచ్చిస్తా."

"మరి నీ నడుమో?"

"నా నడుం బెంగ నీకెందుకు?"

దొరను భుజాన వేసుకుని మెట్లెక్కుతూ, "ఏమేవ్, విన్నావా? నీ దొర పెద్ద దొంగ!" అని కేకేశాడు. పైన గిన్నెల చప్పుడు ఆగింది. చెమట పట్టిన నా చేతిలోంచి మాత్రలు మెట్ల మీద రాలిపోతుంటే ఏరుకుంటూ వెనకబడ్డాను.

"ఆ వ్యాను ఆయన వెనకాలే పైకొస్తాడేమో, ముందు తలుపు వేసెయ్యండి!" అంది అత్తయ్య, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా.

నేనింకా పదహారో మెట్టు మీద ఉన్నాను. మామయ్య కాలితో తలుపు నెట్టేశాడు.