సభ లేని రోజులు

కమిటీ గదిలో కాఫీ పోసేది మాక్సీనే. వాషింగ్టన్‌లో పదకొండేళ్లుగా చట్టాల ముసాయిదాలు రాస్తున్న లాయరు, అయినా కప్పు ఖాళీ అయితే మగవాళ్లందరి చూపూ ఆమె మీదికే పోతుంది. ఎవరికి చక్కెర ఎన్ని చెంచాలో కూడా ఆమే గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజు బల్ల మీదున్నది వాణిజ్య బిల్లు. సోవియట్ రష్యాలాగా ప్రభుత్వమే ధరలు నిర్ణయించే దేశాలతో అధ్యక్షుడు ఒప్పందం చేసుకుంటే దాన్ని చట్టసభకు పంపాలి. అరవై రోజుల్లో సభ వద్దనకపోతే ఒప్పుకున్నట్టే. సాయంత్రానికల్లా ముసాయిదా అచ్చుకు వెళ్లాలి.

కాఫీ పోస్తున్న మాక్సీన్ ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ఈ మాట తను ఎక్కడో విన్నది. ఎక్కడో ఏమిటి, తన వంటింట్లోనే. కిందటి నెల తల్లి అంత్యక్రియలకని ఒహాయో వెళ్లి వారానికి తిరిగొస్తే, భర్త రస్సెల్ తీరిగ్గా చెప్పాడు.

"డెన్వర్‌లో ఉద్యోగానికి సరేనన్నాను. చీటీ రాసి ఫ్రిజ్ మీద పెట్టాగా. నువ్వు వద్దనలేదు మరి."

"నేను ఇంట్లో లేనుగా."

"అది నా తప్పా? మీ ఆఫీసుకేం, ఇంకో అమ్మాయి దొరుకుతుందిలే."

ఆమె అట్టపెట్టెల్లో సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

"ఆగస్టులో సభకు సెలవు కదా," అంది మాక్సీన్ ఇప్పుడు. "సభ్యులంతా ఊళ్లకు పోయాక ఒప్పందం పంపితే?"

"ముందు కాఫీ పొయ్యమ్మాయ్," అన్నాడు పెద్ద లాయరు హావర్టీ. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మాక్సీన్ కాఫీ కూజా తీసుకెళ్లి సరిగ్గా ఆయన ముందున్న ముసాయిదా మీదే పెట్టింది. "వాళ్లు తిరిగొచ్చేసరికి గడువులో సగం అయిపోతుంది. లేనివాళ్లు మాట్లాడలేదు కనక ఒప్పుకున్నారని రాసేస్తున్నాం మనం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హావర్టీ క్యాలెండరు తిరగేసి రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత తన కలం ఆమె వైపు జరిపాడు. "మీరే రాయండి, మాక్సీన్ గారూ."

సభ జరిగిన రోజులనే లెక్కించాలి, అని రాసిందామె. ఇంతమంది చదువుకున్న మగవాళ్లకు తట్టనిది ఆ ఒక్క ముక్క. బిల్లు మీద రాసినవాళ్ల పేర్లు ఉండవు. ఈ ఒక్కదాని మీదన్నా ఆమె పేరు ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి రస్సెల్ పెట్టెలకు టేపు వేస్తున్నాడు. "మిగిలిన పళ్లాలు నువ్వు సర్దు, నేనైతే పగలగొడతాను."

మాక్సీన్ కోటైనా విప్పకుండా, సర్దిన పళ్లాలు తీసి ఒక్కొక్కటే మళ్లీ అలమరలో పెట్టసాగింది.

"ఏం చేస్తున్నావ్?"

"నేను ఇంట్లో లేని రోజులు లెక్కలోకి రావు, రస్సెల్. నీ చీటీ నాకు ఇవాళే అందిందనుకో. నేను వద్దంటున్నాను."