కరస్పాండెంటు గారి మెడలో బంతిపూల దండ

నేను ఒక ఫ్లెక్సీని. కాగితాన్ని కాను, గుడ్డను కాను, చదువుకున్నదాన్ని అసలే కాను. చీరాలలో ఓ ప్రింటింగు షాపులో రంగుల వాసన మధ్య పుట్టాను. 'విద్యార్థుల సైబర్ భద్రతా పోటీలు' అని నా నెత్తిన రాశారు కాబట్టి నాది గొప్ప పుట్టుక అనుకునేరు. నాకు ముందు అదే మిషను మీద ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ ఒకటి, నా వెనకే చేపల కొట్టు ఫ్లెక్సీ ఒకటి వచ్చాయి.

అచ్చుకు ముందు, షాపు కంప్యూటరులో ఉండగా, నాలో అందరి ఫోటోలూ ఒకే కొలతలో ఉన్నాయి. పిల్లల్ని పోటీలకు తయారుచేసిన షరీఫ్ సారు, టీము పిల్లలు, పాలిటెక్నిక్ కాలేజీ కరస్పాండెంటు వీరరాఘవయ్య గారు. అది చూసి ఆయన మొహం మాడ్చుకున్నారు. ఆయన బొమ్మ పెంచారు. చాలదన్నారు. ఇంకా పెంచారు. ఆయన పెరిగిన కొద్దీ షరీఫ్ సారు తగ్గి తగ్గి తపాలా బిళ్ళంత అయ్యాడు. పిల్లల ముఖాలు తీసేసి పేర్లు మాత్రం ఉంచారు, అవీ చీమలంత.

ఆ ఫోటోలో వీరరాఘవయ్య గారు ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తున్నట్టు నటిస్తుంటారు. అప్పటిదాకా జన్మలో ఆయన దాన్ని ముట్టుకున్నది ఆ ఒక్కసారే. మానిటరు అంచున పసుపు చీటీ ఒకటి అంటించి ఉంది. దాని మీద కాలేజీ వెబ్‌సైటు పాస్‌వర్డ్: ఆయన పేరు, వెనక ఒకటి రెండు మూడు. ఫోటో చిన్నగా ఉన్నప్పుడు అదో పసుపు మచ్చ. ఆయన పెరిగారు కదా, ఆయనతోపాటు చీటీ కూడా పెరిగింది.

నన్ను కాలేజీ గేటు పక్కన కట్టారు. లెక్చరర్లందరూ నన్ను దాటుకుంటూ పోయారు, ఒక్కరూ చదవలేదు. చదివింది కెజియా. రెండో సంవత్సరం పిల్ల, టీములో అందరికన్నా చురుకైంది. పోటీల్లో నెగ్గినవాళ్ళకు విజయవాడలో ఉచిత శిక్షణ ఇస్తారని, అక్కణ్ణుంచి ఉద్యోగానికి దారి దొరుకుతుందని షరీఫ్ సారు చెప్పిన రోజు నుంచీ ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. బస్సు కోసం నిలబడి నన్ను చూసింది, కళ్ళు చిట్లించింది, సరాసరి వెళ్ళి షరీఫ్ సారును పిలుచుకొచ్చింది. ఆయన కరస్పాండెంటు గారిని పిలుచుకొచ్చాడు.

వీరరాఘవయ్య గారు ముందు తన బొమ్మను మురిపెంగా చూసుకున్నారు. తర్వాత చీటీని చూశారు. చివరికి కెజియాను చూశారు.

"నా ఫోటో చూడమని పెడితే నా బల్ల మీద ఏముందో చూశావా? ఇదేనా మీ సారు నేర్పింది?"

"ఇదే నేర్పారండి," అంది కెజియా.

అంతే, దొంగబుద్ధి అని ఓ మాట అని, ఆమెను టీములోంచి తీసేశారు. షరీఫ్ సారు ఆమె తరఫున ఏదో అనబోయి మింగేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సారు పాస్‌వర్డ్ మార్చమంటే కొత్తది గుర్తుండదన్నారు. నన్ను దించమంటే కుదరదన్నారు. తన ఫోటో మీద కాగితం అంటిస్తే బాగుండదు, గౌరవంగా కనబడేది ఏదన్నా కప్పమని వాచ్‌మన్ కోటయ్యకు చెప్పి వెళ్ళిపోయారు.

కోటయ్య బజారుకెళ్ళి బంతిపూల దండ తెచ్చి, ఆయన మెడ నుంచి సరిగ్గా చీటీ మీదకి జారేట్టు వేశాడు.

నిలువెత్తు ఫోటో, దానికి పూలదండ. ఊరు ఇంకేమనుకుంటుంది? దారినపోయేవాళ్ళు ఆగి, చెప్పులు విడిచి దండం పెట్టారు. మొన్నేగా చూశాం, బాగానే ఉన్నాడే అని నిట్టూర్చారు. ఓ బియ్యం వ్యాపారి ఇంకో దండ తెచ్చాడు. ఇంట్లో భార్యకు పరామర్శలు మొదలయ్యేసరికి వీరరాఘవయ్య గారు రొప్పుతూ వచ్చి, జనమందరి ముందూ తన దండలు తానే లాగి పారేశారు. పోయిన మనిషి తిరిగొచ్చాడని అందరూ ఫోన్లు తీసి ఫోటోలు కొట్టారు. ఆయన, ఆయన వెనక నేను, నాలో చీటీ.

మర్నాడు కాలేజీ వెబ్‌సైటు తెరిస్తే ఒకటే ముక్క ఉంది: 'నేను బతికే ఉన్నాను. ఎవరూ కంగారు పడొద్దు. ఇట్లు, కరస్పాండెంటు.' దాన్ని తీసేద్దామంటే లోపలికి వెళ్ళే దారి లేదు. ఈయన మార్చనన్న పాస్‌వర్డ్‌ను వచ్చినవాడు మార్చిపోయాడు.

కెజియాకు టీసీ ఇచ్చి పంపేస్తానని ఆయన గేటు దగ్గరే కేకలేశారు. ఆ పిల్ల సంచి పట్టీ నలుపుతూ నిలబడింది. అప్పటికి షరీఫ్ సారుకు నోరొచ్చింది.

"సార్, నిన్న ఆ పాస్‌వర్డ్ ఊరంతా చూసింది. అందరికన్నా ముందు చూసి, వాడకుండా మీకొచ్చి చెప్పింది ఈ పిల్ల ఒక్కతే."

వీరరాఘవయ్య గారు టీసీ మాట వదిలేసి, ముందు వెబ్‌సైటు సంగతి చూడమన్నారు. వెబ్‌సైటును సారూ కెజియా కూర్చుని దారికి తెచ్చారు. ఆమె మళ్ళీ టీములో చేరింది, టీము ఫైనల్సుకు ఎంపికైంది. ఆ సంబరానికి కొత్త ఫ్లెక్సీ వేయించి నన్ను దించేశారు. ఇప్పుడు గేటుకు ఎదురుగా మిరపకాయ బజ్జీల బండికి కప్పుగా ఉన్నాను.

కొత్త ఫ్లెక్సీలో ఆయన నాలో కన్నా పెద్దగా ఉన్నారు. అదే బల్ల, అదే కంప్యూటరు, మానిటరు అంచున కొత్త పాస్‌వర్డ్‌తో కొత్త చీటీ. నిన్న సాయంత్రం కెజియా నా కింద బజ్జీల పొట్లం పట్టుకుని నిలబడి దాన్ని చదివింది. ఫైనల్సు ఇంకా జరగలేదు. క్రితంసారి ఏమైందో ఆమెకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. వద్దు తల్లీ, నోరు మూసుకుని బస్సెక్కి పో అని మనసులో బతిమాలాను.

బస్సు వచ్చింది. కెజియా పొట్లాన్ని కోటయ్య చేతిలో పెట్టి, గేటు లోపలికి నడిచింది.