ఎడం పక్క షాకబ్జర్

ఈ బోల్టు రాకపోతే రాకపోనీ, నేనూ ఇక్కణ్ణించి లేచేది లేదు, అనుకుంది రేవతి, స్పానరు మీద మళ్ళీ రెండు చేతులూ వేస్తూ, అరచేతులు అప్పటికే కందిపోయి మండుతున్నాయి, మండనీ, ఈనలేక పడి కొట్టుకుంటున్న గేదె కడుపులోంచి అడ్డం తిరిగిన దూడని లాగిన చేతులు ఇవి, కిందటి వానాకాలం రోలుగుంటలో, మోకాటి లోతు బురదలో, ఆ వేళ ఎవరూ ఆడదానివి నీకెందుకమ్మా అనలేదు, బేగి రా తల్లీ అని ఫోన్ మీద ఫోన్ చేసేరు, అవే చేతులు ఇవాళ మోటారుసైకిలు వెనక చక్రం దగ్గర కనిపించేసరికి వీధిలో పోయేవాళ్ళంతా ఆగి మరీ చూస్తన్నారు, చూడనీ, ఎదురింటి సత్యారావు గారైతే పాల ప్యాకెట్టు పట్టుకుని నిలబడిపోయేడు, ఏటమ్మా మెకానిక్కులు లేరేటి చోడవరంలో అన్నాడు, ఉన్నారండీ అంది, ఉన్నారు, ఉండీ ముట్టుకోరు, అది మాత్రం పైకి అనలేదు.

ముట్టుకోకండని చెప్పింది ఉమామహేషే, ఆమె మొగుడే, ఆమె బండిని, పశువుల ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె సొంతంగా కొనుక్కున్న బండిని, ఇన్నేళ్ళు దాన్ని బాగుచేసిన పరదేశి షెడ్డుకి మొన్న తోసుకుంటూ తీసుకెళ్తే, ఉమా బాబు వొద్దన్నాడమ్మా, పాతసామాన్లోడికి ఇచ్చేస్తాడంట, మీ ఇంటి గొడవలో నన్నెట్టకు, అని పరదేశి తల దించుకుని పక్కవాళ్ళ స్కూటీ చైను మీద నూనె పోసుకున్నాడు, ఆ క్షణంలోనే ఆమెకి తిక్క పుట్టింది, అటే బస్సెక్కి అనకాపల్లి పోయి షాకబ్జర్ల జత కొని సంచిలో వేసుకొచ్చింది, ఇన్నేళ్ళు ఆ షెడ్డులో ఊరికే నిలబడిందా, కళ్ళుండే నిలబడింది, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి ఒకసారి ఒక పక్కే విప్పాలని తెలుసు, రెండూ ఒక్కసారి విప్పితే చక్రం వేలాడిపోతుందని తెలుసు, కుడి పక్క పొద్దున్నే అయిపోయింది, ఇదిగో ఎడం పక్కదే, కింద బోల్టు తుప్పులో అతుక్కుపోయి కూర్చుంది, కిరసనాయిలు పోసింది, సుత్తితో కొట్టింది, కదలదు.

కదలనిది బోల్టొక్కటే కాదు, చెవిలో ఆ మాట కూడా, నేను ముందే సెప్పేను, ఆడదానికి స్కూటీ సాలు, మోటారుసైకిలెందుకని, ఇంటదా, ఆస్పత్రి వరండాలో చుట్టాలందరి ముందు ఉమామహేష్ అన్న మాట, లోపల గదిలో వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ బోర్లా పడుకుని మూలుగుతోంది, నడుం కింద ఎముక చిట్లింది, రావికమతంలో ఆవిడ చెల్లెలింటి నుంచి అత్తని తీసుకొస్తూ చెరకు ట్రాక్టరుకి దారిచ్చింది రేవతి, వెనక చక్రం గోతిలో దిగింది, అలాంటి గోతులు రోజుకి ఎన్ని దాటుతుంది తను, ఏ రోజూ లేనిది ఆ రోజు ఇనుముకి ఇనుము కొట్టుకున్న చప్పుడు, అత్త సీటు మీంచి ఎగిరి రోడ్డు మీద కూలబడింది, ఎలా పడింది, నేను మెల్లగానే ఉన్నాను కదా, మెల్లగానే ఉన్నాను అని ఎంతమందికి చెప్పింది, పడుకున్నప్పుడు గోడకి కూడా చెప్పింది, ఎవరూ అవునన్లేదు.

ఇనప గొట్టం తెచ్చి స్పానరుకి తొడిగి పొడుగు చేసి, కాలు గోడకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వేసి లాగింది, కీచుమని ఒక్క మూలుగు మూలిగి బోల్టు తిరిగింది, తిరిగిందే, రాలేనన్నావు, వచ్చేవు కదా, షాకబ్జరు ఊడదీసి కొత్తదాని పక్కన నేల మీద పెట్టింది, పెట్టి అలాగే ఉండిపోయింది, కొత్తది నిటారుగా ఉంది, పాతది వంగిపోయి ఉంది, నూనె కారి మట్టి పట్టి, స్ప్రింగు సందుల్లోంచి రాడ్డు వంకర కనిపిస్తోంది, ఒక గోతికి ఇంత వంగదు, పెద్ద బరువు వెయ్యాలి దీని మీద, నేనేం వేస్తాను, మందుల పెట్టె తప్ప, మరి ఎవరు, ఎవరేంటి, అత్త పడ్డానికి ముందు ఆదివారం జ్వరంతో తను మంచం మీద ఉంటే ఆటో ఎందుకు దండగని యూరియా బస్తాలు ఒకదాని మీద ఒకటి కట్టి పొలానికి పట్టుకెళ్ళింది ఎవరు, సాయంత్రం సీటు సందుల్లో తెల్ల గుళికలు తనే కదా దులుపుకుంది, మర్నాడు మొగుడితో, బావా బండి ఒక పక్కకి లాగేస్తంది అంటే, నీకు నడపడం రాక, అన్నది ఎవరు.

దొరికింది, రానీ భోజనానికి, గుమ్మంలోనే పెడతాను, చుట్టాలందరికీ ఫోన్ చేసి పిలుస్తాను, వరండాలో అన్నవాళ్ళందరినీ ఇదే వీధిలో నిలబెట్టి చూపిస్తాను, అని వరస కూర్చుకుంటోంటే, ఏటే అది, అంది అరుగు మీంచి అచ్చియ్యమ్మ, తలగడ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని పొద్దుట్నించీ చూస్తోంది ఆవిడ, రేవతి వంగిన రాడ్డు ఎత్తి చూపించింది, సూడత్తా, బరువుకి వంగిపోయింది, నేను కాదు, అంది, అచ్చియ్యమ్మ దాన్ని చూడనే లేదు, తెలుసే, అంది, ఆడు బస్తాలు కట్టినపుడు ఈ అరుగు మీదే ఉన్నాను, తిరిగొచ్చి పరదేశికి సూపించేడు, మార్చకపోతే పెమాదమన్నాడంట పరదేశి, సూద్దాంలే అన్నాడు మీ బావ, నేనూ ఏటవుద్దిలే అని ఎక్కేను, ఆస్పత్రిలో ఆడు నిన్నంటంటే సెప్దామనుకున్నాను, కొడుకు కదే, నోరు రానేదు.

రేవతి చేతిలో రాడ్డు బరువెక్కింది, అత్తకి తెలుసు, పరదేశికి తెలుసు, తల దించుకున్నది అందుకన్నమాట, బావకి అందరికంటే ముందు తెలుసు, తెలిసే వాళ్ళమ్మని ఎక్కించుకురమ్మని పంపేడు, తెలిసే అన్నాడు, ఏడుపొచ్చేస్తుందనుకుంది, రాలేదు, వంగి కొత్త షాకబ్జరు పైన తగిలించింది, కింద బోల్టు కొత్తది వేసి బిగించింది, బిగిస్తోంటే లోపల ఏదో చప్పబడిపోయింది, సీటు మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కితే మెత్తగా దిగి మెత్తగా లేచింది, అప్పుడే ఉమామహేష్ వచ్చేడు, ఎవురు సెయ్యమన్నారే అన్నాడు, నేనే అంది, నేల మీద వంగిన ఇనుముని చూసేడు, చూసి కళ్ళు తిప్పుకుని చెప్పులు విప్పుకోవడంలో పడ్డాడు, అచ్చియ్యమ్మ తలగడ సర్దుకుంది, వీధిలో అందర్నీ నిలబెట్టి చెప్పాలనుకున్న మాటలన్నీ రేవతి నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయేయి, ఎవరికి చెప్పాలి, దేవరాపల్లి అవతల ఎవరిదో ఆవుకి బాగోలేదని పొద్దున్న వచ్చిన ఫోను గుర్తొచ్చింది, చేతులు గుడ్డకి తుడుచుకుని మందుల పెట్టె కట్టింది, ఎక్కడికే అన్నాడు ఉమామహేష్, పనికి అంది, కిక్కు కొట్టింది, ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలీదనుకుంది, తెలిస్తే తనని అనడం మానుకుంటారనుకుంది, రుజువు దొరికితే తనది తప్పు కాదని ఒప్పుకుంటారనుకుంది, వాళ్ళకి మొదట్నించీ తెలుసు, తెలిసీ అన్నవాళ్ళకి కొత్తగా తెలియజెప్పేదేం లేదు, ఇంక ఈ బండి ఎందుకు ఎక్కుతున్నానో ఎవరికీ చెప్పను.